నిప్పురవ్వకు ముహూర్తం

పిల్లలూ, మన రోడ్ల మీద తిరిగే కొన్ని కార్ల ముందు భాగాన ఎనిమిది మూలల చట్రం, అందులో "ఎం", "జి" అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు మీరు చూసే ఉంటారు. ఆ పేరుగల కార్లు 2019 నుంచి గుజరాత్‌లోని హలోల్ అనే ఊళ్ళో తయారవుతున్నాయి. కాని ఆ గుర్తు పుట్టినది మన దేశంలో కాదు, ఇంగ్లండులో. దానికి దాదాపు వందేళ్ళ కథ ఉన్నది.

ఆక్స్‌ఫర్డు నగరంలో విలియం మోరిస్ అనే ఆయన కుర్రతనంలో సైకిళ్ళు బాగుచేస్తూ పైకి వచ్చి, చివరకు కార్లు తయారుచేసే పెద్ద వ్యాపారి అయినాడు. ఆయనకు "మోరిస్ గరాజెస్" అనే పేరుతో కార్లు అమ్మి, బాగుచేసే సంస్థ ఒకటి ఉండేది. 1922లో దానికి సిసిల్ కింబర్ మేనేజరు అయినాడు. ఆయన మామూలు మోరిస్ కార్లకు చక్కని కొత్త ఒళ్ళు తొడిగించి, వేగం పెంచి, పరుగు పందాలకు పనికివచ్చే చిన్న కార్లుగా మార్చాడు. ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరాలే "ఎం. జి." అయినాయి. 1929లో ఈ పని అంతా ఆక్స్‌ఫర్డుకు దక్షిణంగా ఆరు మైళ్ళ దూరంలో, థేమ్సు నది ఒడ్డున ఉన్న అబింగ్డన్ అనే ఊరికి మారింది.

పదండి, ఆ ఊరు చూసి వద్దాం. అక్కడ పాత కారు ఒకదాని బానెట్ ఎత్తి, ఒక చిన్న పని ఎలా చేస్తారో కూడా చూద్దాం. మన మెకానిక్కులు ఆ పనిని "టైమింగు పెట్టటం" అంటారు. మనం దాన్ని "నిప్పురవ్వకు ముహూర్తం పెట్టటం" అన్నా తప్పులేదు.

నది మీది పాత రాతి వంతెన దాటి ఊళ్ళోకి పోతే, అంగడి వీధి నడుమ ఎత్తయిన రాతి స్తంభాల మీద నిలబడిన కౌంటీ హాలు కనబడుతుంది. అది 1678లో మొదలై 1682లో పూర్తి అయిన కట్టడం. రాజుకో రాణికో సంబంధించిన వేడుక వచ్చినప్పుడు ఈ ఊరి పెద్దలు ఆ మేడ కప్పు మీదికి ఎక్కి, కింద చేరిన జనం మీదికి బన్ను రొట్టెలు విసురుతారు. 1761లో మూడవ జార్జి పట్టాభిషేకం నాటి నుంచి ఈ ఆచారం ఉన్నది. పిల్లలూ పెద్దలూ గొడుగులు తిరగేసి మరీ వాటిని పట్టుకుంటారు!

ఆ మేడలో ఇప్పుడు మ్యూజియం ఉన్నది. పాత బన్నులతోపాటు, ఆ ఊళ్ళోనే తయారైన ఒక ఎం. జి. బి. కారు కూడా అక్కడ చూడవచ్చు.

ఎం. జి. బి. అన్నది 1962 నుంచి 1980 వరకూ తయారైన కారు. కప్పు లేనిదీ, ఉన్నదీ కలిపి అయిదు లక్షలకు పైగా తయారైనాయి. ఇంజను కోవెంట్రీ నుంచి, ఒళ్ళు స్విండన్ నుంచి అబింగ్డన్‌కు వచ్చేవి. ఇక్కడ వాటిని కూర్చి కారు చేసేవారు. పెద్ద పెద్ద కార్ఖానాలలో కార్లు వాటంతట అవే జరిగే పట్టాల మీద ముందుకు పోతాయి గదా! అబింగ్డన్‌లో అట్లా కాదు. పనివాళ్ళు కారును చేతులతో తోసుకుంటూ ఒక చోటి నుంచి మరొక చోటికి తీసుకుపోయేవారు. కార్ఖానా అవసరాలకు తిరిగే ఒక పాత కారు మీద రంగు తుంపరలు పడి పడి ఒళ్ళంతా చుక్కలైతే, ఊరివాళ్ళు దానికి "చుక్కల ముసలి" అని ముద్దుపేరు పెట్టారు.

1979 సెప్టెంబరులో ఈ కార్ఖానా ఆ ఊరికి వచ్చి యాభై ఏళ్ళయిందని ఊరంతా పండుగ చేసుకున్నది. పండుగ ముగిసిన మర్నాడే కంపెనీవారు కార్ఖానా మూసివేయబోతున్నట్టు ప్రకటించారు! పనివాళ్ళు ఊరేగింపులు తీశారు, మొరపెట్టుకున్నారు. లాభం లేకపోయింది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికి వచ్చింది; తలుపులు మూతపడ్డాయి.

కార్ఖానా పోయింది గాని, కార్లు పోలేదు. వాటిని బాగుచేసే నేర్పు ఎవరి చేతుల్లో ఉన్నది? కార్లు కొనుక్కున్నవాళ్ళ చేతుల్లోనే. 1930లో మొదలైన ఎం. జి. కార్ల సంఘం కచేరీ ఇప్పటికీ ఆ పాత కార్ఖానా ఉన్న చోటి పక్కనే ఉన్నది. ఆ కార్లను తండ్రి దగ్గర కొడుకు, తాత దగ్గర మనుమరాలు పని నేర్చుకుని నడిపించుకుంటూ వస్తున్నారు. ఆ నేర్పులలో మొదటిది టైమింగు పెట్టటం.

అదేమిటో తెలియాలంటే ముందు ఇంజను లోపలికి తొంగి చూడాలి.

సిలిండరు అంటే లోహంలో నున్నగా తొలిచిన గుండ్రని గొట్టం. సైకిలు పంపులో కడ్డీ ఆడినట్టు, అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. అది ఒకసారి కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి పీలుస్తుంది. పైకి పోతూ వాటిని అదుముతుంది. ఎం. జి. బి. ఇంజనులో ఆ గాలి అంతా దాదాపు తొమ్మిదో వంతు చోటులోకి ఇరుక్కుంటుంది. అప్పుడు ప్లగ్గు కొనన ఒక నిప్పురవ్వ పడుతుంది. గాలి మండి, ఉబ్బి, పిస్టనును బలంగా కిందికి తోస్తుంది. ఆ తోపే కారును నడిపేది. పిస్టను మళ్ళీ పైకి వస్తూ పొగను బయటికి గెంటివేస్తుంది. ఇటువంటి సిలిండర్లు ఈ కారులో నాలుగు ఉన్నాయి. నిప్పురవ్వలు మొదట ఒకటో సిలిండరులో, తర్వాత మూడో దానిలో, తర్వాత నాలుగో దానిలో, చివరకు రెండో దానిలో పడతాయి.

ఇంతకూ నిప్పురవ్వ ఎప్పుడు పడాలి? "పిస్టను పైకొసకు చేరగానే" అని మీరు అంటారు. ఉయ్యాల ఊపిన పిల్లలకు ఆ మాట సబబుగానే తోస్తుంది. ఉయ్యాల మన దగ్గరికి వచ్చి, ఇక వెనక్కు మళ్ళబోయే క్షణాన తోస్తే అది ఎత్తుకు పోతుంది. ఇంకా మనకేసి వస్తూండగానే తోస్తే మన చేతులే నొప్పి పుడతాయి. అది దూరం పోయాక తోస్తే చెయ్యి గాలిలో ఆడుతుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దీపావళినాడు చిచ్చుబుడ్డి ముట్టిస్తారు గదా? ముట్టించగానే పువ్వులు పైకి లేస్తాయా? లేవవు. మీరు రెండడుగులు వెనక్కు వేసిన తర్వాత గాని మందు పూర్తిగా అంటుకోదు. అమ్మమ్మ వసారాలోకి వచ్చేసరికి పువ్వులు పైకి లేవాలంటే, ఆమె గడప దాటకముందే ముట్టించాలి. సిలిండరులో మంట కూడా అంతే. అది ప్లగ్గు దగ్గర పుట్టి, గాలి అంతటికీ పాకటానికి కొంత కాలం పడుతుంది. అందుచేత పిస్టను పైకొసకు చేరటానికి ముందే నిప్పురవ్వ పడాలి!

ఎంత ముందు? ఇంజనులో ఇరుసు ఒక చుట్టు తిరిగితే 360 డిగ్రీలు. కారు కదలకుండా, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇరుసు నిమిషానికి 600 చుట్లు, అంటే సెకనుకు పది చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక డిగ్రీ తిరగటానికి సెకనులో 3,600వ వంతు చాలు. తొలి నాటి ఎం. జి. బి. పుస్తకంలో ఆ వేగానికి నిప్పురవ్వ 14 డిగ్రీలు ముందు పడాలని రాసి ఉన్నది. అంటే సెకనులో సుమారు 250వ వంతు ముందు!

వేగం పెరిగితే ఏమిటి? నిమిషానికి 3,000 చుట్లప్పుడు ఒక డిగ్రీకి పట్టే కాలం సెకనులో 18,000వ వంతు. అప్పుడు లోపలి గాలి సుడులు తిరిగి మంట కూడా త్వరగా పాకుతుంది. అయినా పిస్టను వేగాన్ని అది అందుకోలేదు. అందుచేత నిప్పురవ్వ ఇంకా ముందు, 30 డిగ్రీల దగ్గర పడాలి.

ఈ లెక్కంతా చూసుకునే గుమాస్తా ఒకడు ఇంజను పక్కన ఉన్నాడు. అతని పేరు డిస్ట్రిబ్యూటరు. అది నల్లని మూత పెట్టిన గిన్నెలాంటి పరికరం. మూత లోంచి నాలుగు తీగలు నాలుగు ప్లగ్గులకూ, ఒకటి కాయిల్‌కూ పోతాయి. లోపల "పాయింట్లు" అనే రెండు చిన్న లోహపు బిళ్ళలు ఒకదాన్నొకటి తాకుతూ, విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణాన కాయిల్‌లో వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది. అదే ప్లగ్గులో నిప్పురవ్వ. గిన్నె అడుగున స్ప్రింగులు తగిలించిన రెండు చిన్న బరువులు ఉన్నాయి. గిరగిరా తిరిగే ఆడపిల్ల పరికిణీ విచ్చుకున్నట్టు, వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని నిప్పురవ్వను ముందుకు జరుపుతాయి. ఎంత విచ్చుకోవాలో స్ప్రింగులు చూసుకుంటాయి. కాని లెక్క ఎక్కడ మొదలు కావాలో మాత్రం మనిషే చెప్పాలి. అదే టైమింగు పెట్టటం.

ఇక అబింగ్డన్‌లో ఒక ఇంటి ముందు, ఆదివారం ఉదయాన, ఒక తాత, ఆయన మనుమరాలు ఎం. జి. బి. బానెట్ ఎత్తి పని మొదలుపెట్టారనుకుందాం.

ముందు తాత పాయింట్ల నడుమ సన్నని ఉక్కు రేకు దూర్చి చూశాడు. అవి బాగా విడిపోయినప్పుడు మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ ఎడం మారితే టైమింగు కూడా మారుతుంది, కనుక ఇదే మొదటి పని.

తర్వాత నాలుగు ప్లగ్గులూ ఊడదీశారు. "నీ బొటనవేలు ఒకటో రంధ్రం మీద పెట్టి ఉంచమ్మా," అని చెప్పి, తాత కారును నాలుగో గేరులో ఉంచి మెల్లగా ముందుకు తోశాడు. చక్రాలు తిరిగితే ఇంజను తిరుగుతుంది.

"తాతా! గాలి నా వేలును తోసేస్తున్నది!" అన్నది మనుమరాలు.

పిస్టను పైకి వస్తూ గాలిని అదుముతున్నదని దానికి అర్థం. ఇరుసు చివర ఉన్న కప్పీ మీద ఒక చిన్న గాడి ఉంటుంది. దాని ఎదుట ఇంజను మూత మీద పళ్ళలాంటి మొనలు ఉంటాయి. వాటిలో పెద్దది పిస్టను పైకొసకు గుర్తు. తక్కినవి అయిదు డిగ్రీలకూ, పది డిగ్రీలకూ గుర్తులు. గాడి మురికి పట్టి కనబడకపోతే మనుమరాలు దాన్ని తుడిచి తెల్లరంగుతో ఒక గీత గీసింది. గీత పది డిగ్రీల మొనకు ఎదురుగా వచ్చేదాకా తాత కారును అంగుళం అంగుళంగా తోశాడు.

ఇప్పుడు ఒక పన్నెండు వోల్టుల బల్బు కావాలి. దాని ఒక తీగను డిస్ట్రిబ్యూటరు పక్కన ఉన్న సన్నని తీగ కొసకూ, రెండో తీగను ఇంజను లోహానికీ తగిలించి తాళంచెవి తిప్పారు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ బల్బు వెలగదు. అవి విడిపోగానే వెలుగుతుంది. తాత పానాతో బిగింపు బోల్టు కాస్త వదులు చేసి, డిస్ట్రిబ్యూటరు గిన్నెను బల్బు ఆరేదాకా ఎడమకు తిప్పి, తర్వాత వెంట్రుకవాసి చొప్పున కుడికి తిప్పసాగాడు. బల్బు చటుక్కున వెలిగింది. అక్కడే ఆపి బోల్టు బిగించాడు. ముహూర్తం కుదిరింది!

అయితే పెట్టిన ముహూర్తానికి పెళ్ళి జరుగుతున్నదో లేదో చూడవద్దా? అందుకు మరొక దీపం ఉన్నది. వానరాత్రి మెరుపు మెరిసినప్పుడు, ఊగుతున్న చెట్టు కొమ్మలు ఆ ఒక్క క్షణం కదలక నిలిచిపోయినట్టు కనబడటం మీకు తెలుసు గదా? ఈ దీపం కూడా మెరుపులాంటిదే. ఒకటో ప్లగ్గు తీగకు దాన్ని తగిలిస్తే, ఆ ప్లగ్గులో నిప్పురవ్వ పడినప్పుడల్లా ఒక్కసారి మెరుస్తుంది. ఆ వెలుగులో, అంత వేగంగా తిరిగే కప్పీ మీది తెల్లగీత కదలకుండా నిలిచినట్టు కనబడుతుంది!

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉన్నది, జాగ్రత్తగా వినండి. ఆ వెలుగులో ఫాను రెక్కలు కూడా నిలిచినట్టో, మెల్లగా కదులుతున్నట్టో కనబడవచ్చు. నిజానికి అవి వేళ్ళు తెగేటంత వేగంగా తిరుగుతూనే ఉంటాయి. ప్లగ్గు తీగల్లో వేల వోల్టులు ఉంటాయి. అందుచేతనే తాత మనుమరాలి జడను పైకి ముడి వేయించి, ఆమెను పక్కకు నిలబెట్టి, దీపం తానే పట్టుకున్నాడు. ఈ పని పిల్లలు ఒంటరిగా ఎన్నడూ చేయరాదు.

ప్లగ్గులు బిగించి, డిస్ట్రిబ్యూటరుకు గాలి పీల్చే సన్నగొట్టం ఊడదీసి మూసి, ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరిగేటట్టు పెట్టారు. గీత 14 డిగ్రీలు ఉండవలసిన చోట, అంటే పది మొన దాటి కొంచెం అవతల ఉండాలి. అది ఇంకా అవతల, 17 దగ్గర ఉన్నది. డిస్ట్రిబ్యూటరులో స్ప్రింగులు పాతబడి సాగినాయి. బరువులు కాస్త తొందరపడి విచ్చుకుంటున్నాయన్నమాట.

దీనికి మళ్ళీ పానా అక్కరలేదు. డిస్ట్రిబ్యూటరు పక్కన వేళ్ళతో తిప్పే చిన్న నట్టు ఒకటి ఉన్నది. దాని దగ్గర రెండు ఇంగ్లీషు అక్షరాలు, "ఎ", "ఆర్" అని ఉంటాయి. "ఎ" వైపు తిప్పితే నిప్పురవ్వ ముందుకు పోతుంది, "ఆర్" వైపు తిప్పితే వెనక్కు వస్తుంది. తిప్పుతుంటే గడియారానికి కీ ఇచ్చినట్టు టిక్కు టిక్కు మంటుంది. పదకొండు టిక్కులకు ఒక డిగ్రీ. మూడు డిగ్రీలు వెనక్కు రావాలి. తాత ఇంజను ఆపాడు. మనుమరాలు ముప్ఫైమూడు టిక్కులు పైకి లెక్కపెడుతూ తిప్పింది. మళ్ళీ ఇంజను వేసి దీపం పట్టితే, గీత సరిగా ఉండవలసిన చోట నిలిచింది. తాత ఇంజను వేగం పెంచి, గీత క్రమంగా ముందుకు జరిగి ఒక చోట ఆగటం కూడా చూశాడు. "సాగిన స్ప్రింగులు మాత్రం ఈ నెలలోనే మార్చాలి," అన్నాడు.

మూడు డిగ్రీలకు ఇంత హడావిడి దేనికి అంటారా? నిప్పురవ్వ మరీ ముందు పడితే, పిస్టను ఇంకా పైకి వస్తూండగానే మంట దాన్ని కిందికి అదుముతుంది. ఇరుకున పడిన గాలి ఒక్కపెట్టున భగ్గుమని అంటుకుంటుంది. అప్పుడు ఇంజనులోంచి, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు వస్తుంది. దాన్నే మెకానిక్కులు "నాకింగ్" అంటారు. వినీ విననట్టు ఊరుకుంటే పిస్టను పగలవచ్చు, కరిగి చిల్లి కూడా పడవచ్చు. నిప్పురవ్వ మరీ ఆలస్యమైతే చప్పుడు ఉండదు గాని, బలం తగ్గుతుంది, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది.

అందుకే తాత చివరి పరీక్ష దీపంతో కాదు, చెవితో చేస్తాడు. అబింగ్డన్‌కూ ఆక్స్‌ఫర్డుకూ నడుమ బోర్స్ హిల్ అనే గుట్ట ఉన్నది. కారు దాన్ని ఎక్కేటప్పుడు ఇంజను మీద బరువు పడుతుంది. నాకింగ్ ఉంటే అక్కడే బయటపడుతుంది. తాత, మనుమరాలు మాటలు ఆపి, చెవులు రిక్కించి ఆ గుట్ట ఎక్కుతారు. గులకరాళ్ళ చప్పుడు వినబడకపోతే ఆ పని పూర్తి అయినట్టే.

చాలా పాత కార్లలో ఈ బరువులూ స్ప్రింగులూ కూడా లేవు. ఫోర్డు మోడల్ టి కారులో స్టీరింగు కింద ఒక మీట ఉండేది. డ్రైవరు రోడ్డునుబట్టి దాన్ని జరుపుతూ నిప్పురవ్వను ముందుకూ వెనక్కూ తెచ్చేవాడు. మీటను వెనక్కు తేకుండా ముందు నిలబడి హ్యాండిల్ తిప్పితే, ఇంజను ఎదురు తన్ని చెయ్యి విరిగేది! ఒక్క తప్పు ముహూర్తానికి అంత శిక్ష.

ఇప్పటి పెట్రోలు కార్లలో చిన్న కంప్యూటరు ఈ లెక్క చేస్తుంది. ఇంజనుకు చెవిలాంటి పరికరం ఒకటి తగిలించి ఉంటుంది. నాకింగ్ వినబడగానే అది చెబుతుంది, కంప్యూటరు నిప్పురవ్వను వెనక్కు జరుపుతుంది. బ్యాటరీతో నడిచే కార్లలోనైతే నిప్పురవ్వే లేదు. ఎనిమిది మూలల గుర్తుతో మన రోడ్ల మీద తిరిగే కార్లలోనూ అటువంటివి ఉన్నాయి.

కనుక నిప్పురవ్వకు చేతితో ముహూర్తం పెట్టే నేర్పు నానాటికీ అరుదవుతున్నది. అబింగ్డన్‌లో అది ఒక నోటి నుంచి మరొక నోటికీ, ఒక చేతి నుంచి మరొక చేతికీ దిగుతూ బతుకుతున్నది. మన ఊళ్ళలోనూ పాత స్కూటర్లూ, మోటారు సైకిళ్ళూ, కార్లూ బాగుచేసే మెకానిక్కులు ఉన్నారు. ఈసారి మీ నాన్నగారితో అక్కడికి వెళ్ళినప్పుడు, "టైమింగు ఎలా చూస్తారండీ?" అని అడగండి. పని తెలిసిన మనిషి ఇంజను వేసి, తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వింటాడు. ఆయన దేనికోసం వింటున్నాడో ఇప్పుడు మీకు తెలుసు.